బుల్లెట్ 500కి ఫోర్జ్‌డ్ పిస్టన్: బోరుకూ దానికీ మధ్య గ్యాప్ ఎంత ఇయ్యాలె? నా అనుభవం

నాది పాత ఇనుప బోరు (సిలిండర్) బుల్లెట్ 500. నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోవడం నాకు అలవాటు. మన్ననూర్ దాటాక వచ్చే ఘాట్‌లోనే ఈ బండికి అసలు పరీక్ష. ఇద్దరం కూర్చొని, సామాను కట్టుకొని, సెకండ్ గేర్‌లో ఎక్కుతుంటే తగిలే గాలి తక్కువ, పుట్టే వేడి ఎక్కువ. బోరు అరిగి ఇంజన్ విప్పాల్సి వచ్చినప్పుడు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి-పెట్రోల్ నొక్కుకునే నిష్పత్తి) 8.5కి పెంచి, ఫోర్జ్‌డ్ పిస్టన్ (పోత పోయకుండా లోహాన్ని గట్టిగా నొక్కి చేసింది) వేద్దామనుకున్నా.

దుకాణాల్లో 'ఫోర్జింగ్ పిస్టన్' అని ఒకే మాటగా అంటరు గానీ, అందులో ప్రధానంగా రెండు రకాల అల్యూమినియం ఉంది. 4032 అనే రకంలో సిలికాన్ సుమారు 12 శాతం. వేడికి తక్కువ పెరుగుతది, పిస్టన్ రింగులు కూసునే గాడులు తొందరగా అరగవు. 2618 అనే రెండో రకంలో సిలికాన్ దాదాపు లేనట్టే. రాగి, మెగ్నీషియం, నికెల్ కలుస్తయి. కాంకర్డ్ విమానం పైతొడుగుకు వాడిన లోహం ఈ కుటుంబానిదే. ఇంజన్‌లో నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి కొట్టే దెబ్బ) వస్తే 4032 పగిలే చోట 2618 సాగి తట్టుకుంటది. టర్బోకు, నైట్రస్‌కు (రెండూ ఇంజన్ బలం పెంచే ఏర్పాట్లు), రేసింగ్‌కు అదే సరైనది. కానీ వేడికి ఎక్కువ పెరుగుతది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు వదులుగా ఉంచాలె.

ఆ తేడా ఎంతో లెక్క కట్టుకున్నా. 84 మి.మీ. బోరు, స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) రెండూ నూరు డిగ్రీలు వేడెక్కితే, 4032 పిస్టన్ 0.16 మి.మీ. దాకా లావైతది, 2618 అయితే 0.19. ఇనుప బోరు మాత్రం 0.09 కూడా పెరగదు. అంటే మొదటిదానితో సుమారు 0.075, రెండోదానితో 0.10 గ్యాప్ మూసుకుపోతది. రెంటికీ మధ్య తేడా ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 0.025 మి.మీ.). చెవికి చిన్నగా వినిపిస్తది గానీ, ఇంజన్ పట్టేసేదీ టక్ టక్ కొట్టేదీ ఆ ఒక్క థౌ దగ్గరే. నాది రోజూ స్టార్ట్ చేసి, చల్లార్చి, మళ్లీ స్టార్ట్ చేసే రోడ్డు బండి. టర్బో లేదు, రేసు లేదు. 4032 తీసుకున్నా. రోడ్డు బుల్లెట్‌కు ఎవరు అడిగినా నేను అదే చెప్తా.

0.50 ఓవర్‌సైజ్ (అసలు సైజు కంటే 0.50 మి.మీ. పెద్దది) పిస్టన్ చేతికి వచ్చాకనే బోరు పట్టుకొని లేత్ షాపుకు పోయిన. పిస్టన్ లేకుండా "యాభై సైజు కొట్టు" అని బోరు ఇచ్చి రావడం మన దగ్గర మామూలే. ఆ పద్ధతి నాకు అస్సలు నచ్చదు.

బోరింగ్ (బోరును లోపల చెక్కి పెద్దగా చేయడం) చేసే అన్న చేయి మంచిది. పిస్టన్ చూడగానే, "తమ్మీ, ఫోర్జింగ్‌ది గద, ఆరు థౌలు ఇడిచిపెడ్త. లేకుంటే ఘాట్‌ల పట్టుకుంటది" అన్నడు.

"అన్నా, ఆరైతే పిస్టన్ ఊగుతది. రింగులు సరిగ్గ కూసోవు, ఆయిల్ తాగుతది. దీంతో వచ్చిన కాగితంల తక్కువల తక్కువ 0.09 అని ఉన్నది. ఘాట్ కోసం ఇంకొంచెం కలిపి 0.10 ఇయ్యి, నాలుగు థౌలు" అన్న.

మే నెల. పిస్టన్ ఎండలో బండి మీద వచ్చింది, బోరు నీడలో ఉంది. వచ్చిన వెంటనే మైక్రోమీటర్ పెడితే స్కర్ట్ 84.43 చూపించింది. రెంటినీ ఒకే బల్ల మీద పెట్టి, చాయ్ తాగి, పూర్తిగా చల్లారాక మళ్లీ కొలిస్తే 84.40. అన్న రెండోసారి తనే పట్టి చూసిండు. 84 మి.మీ. పిస్టన్ ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే దాదాపు 0.03 లావు కనిపిస్తది. వేడి కొలతనే నమ్మి బోరు కొట్టి ఉంటే గ్యాప్ 0.13 అయ్యేది. మన ఎండల్లో ఈ ఒక్క జాగ్రత్త చాలా ఇంజన్లను కాపాడుతది.

ఇంకో సంగతి. స్కర్ట్ గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటది. పైనుంచి కిందికి కూడా ఒకే సైజు కాదు. గడ్జన్ పిన్‌కు (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌తో కలిపే పిన్) అడ్డంగా, కాగితంలో చూపిన ఎత్తులోనే కొలవాలె. ఇంకెక్కడ కొలిచినా ఆ అంకె పనికిరాదు.

బోరింగ్ 84.44 దగ్గర ఆపించి, మిగతాది హోనింగ్‌కు (సానరాళ్లతో సన్నగా అరగదీయడం) వదిలినం. హోనింగ్‌తో బోరు వేడెక్కుతది, అందుకే ఆఖరు కొలతకు ముందు మళ్లీ చల్లారనిచ్చినం. పైన, నడుమ, కింద, రెండు దిక్కులా బోర్ గేజ్ పెడితే అంతటా 84.50. ఇంటికొచ్చి సబ్బునీళ్లతో, తెల్ల గుడ్డకు నలుపు అంటనంత దాకా కడిగి, వెంటనే ఆయిల్ పూసిన. రింగ్ గ్యాప్ (రింగు రెండు కొసల మధ్య సందు) కాగితం ప్రకారమే సరిచేసిన.

పొద్దున స్టార్ట్ చేస్తే మొదట్లో సన్నగా టక్ టక్ వస్తది, ఇంజన్ వేడెక్కగానే పోతది. రన్నింగ్-ఇన్ (కొత్త భాగాలు సర్దుకునేదాకా మెల్లగా నడపడం) అయ్యాక, శ్రీశైలం పోయొచ్చి బోరు లేపి చూసిన. స్కర్ట్‌కు ముందూ వెనకా నడుమ వెడల్పుగా, సమంగా రాపిడి గుర్తు ఉన్నది. గ్యాప్ చాలకపోతే పిన్‌కు అటూ ఇటూ నాలుగు మూలల్లో గీతలు పడతయి. అవి ఒక్కటి కూడా లేవు. కొత్త గ్యాస్కెట్ వేసి, అదే పిస్టన్‌తో మళ్లీ బిగించిన.