క్వయర్ పాటల పుస్తకం: కుట్టు దాకా వచ్చింది

మా చర్చి క్వయర్ కోసం చేస్తున్న పాటల పుస్తకం కుట్టు దగ్గరికి వచ్చింది. స్టాండ్ మీద పెడితే చేత్తో పట్టుకోకుండా తెరుచుకుని ఉండాలి. అందుకే అంటింపు పని కాదు, కట్టలుగా కుట్టాల్సిందే.

కాగితాలు మధ్యకు మడిచి ఒకదాంట్లో ఒకటి దూర్చిన కట్టను బైండర్లు క్వయర్ అంటారు. లాటిన్‌లో నాలుగేసి అని అర్థం. నాలుగు కాగితాలు మడిస్తే 8 ఆకులు, 16 పేజీలు. 4వ శతాబ్దపు గ్రీకు బైబిల్ కోడెక్స్ సినాయిటికస్‌లోనూ ఎక్కువ కట్టలు ఈ లెక్కవే. తర్వాత వ్యాపారంలో అదే మాట 24 కాగితాలకు, ఇప్పుడు 25కి స్థిరపడింది. మన కొట్లలో అడిగే దస్తా అదే. పాడేవాళ్ల క్వయర్ పుట్టుక వేరు, అది ‘కోరస్’ నుంచి వచ్చింది. అయినా 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో దానికీ choir అని కాక కాగితాల క్వయర్ స్పెల్లింగే (quire) ఉంది. లండన్ సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో గాయకులు కూర్చునే భాగాన్ని నేటికీ అలాగే రాస్తారు. ఈ పుస్తకం కుడుతుంటే ఆ సంగతి నాకెంతో ఇష్టంగా గుర్తొస్తోంది.

కాగితం 100 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 100 గ్రాముల బరువు. మామూలు ఎ4లో పీచు సాధారణంగా పొడవు వైపు ఉంటుంది, మడిస్తే అడ్డం పడి పేజీలు బిగుసుకుంటాయి. అందుకని ఎ3 తెచ్చి సగానికి కోశాను. పీచు చూడటానికి చిన్న ముక్కను ఒకవైపు తడపండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, గొట్టం పొడవు ఎటుంటే పీచు అటు. ఆరేసి కాగితాలతోనూ ఒక కట్ట మడిచి చూశాను. దారం తక్కువ పడుతుంది కానీ లోపలి కాగితాలు అంచున బయటికొస్తాయి. నాలుగే మేలు.

మొత్తం 12 కట్టలు, 192 పేజీలు. వరస తప్పకుండా ప్రతి కట్ట మొదటి పేజీ అడుగున పెన్సిల్‌తో అక్షరం వేశాను. పాతకాలం ప్రింటర్లు ఇంగ్లిషు అక్షరాల్లో మూడు వదిలేసి 23తోనే గుర్తులు వేసేవారు. నేను ఙ, ఞ వదిలేశాను. క నుంచి ఢ వరకు సరిగ్గా 12 వచ్చాయి.

ఒక్కో మడతకు ఐదు రంధ్రాలు, ఆరెతో లోపలి నుంచి బయటికి. సన్నని నార దారానికి తేనె మైనం పట్టించాను. దారం లావైతే వెన్ను ఉబ్బిపోతుంది. లాగేటప్పుడు వెన్ను వెంబడే లాగాలి, ఎదురుగా లాగితే మడత చిరుగుతుంది. చివరి రంధ్రం దగ్గర సూదిని కింది కట్ట కుట్టులోంచి దూర్చి ముడి బిగిస్తున్నాను.

జ వరకు అయ్యాయి. మిగతావి కుట్టాక వెన్నుకు మైదా జిగురు, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం. అది విషం, వంటగిన్నెల్లో కలపకండి.