ముగ్గురా, అయిదుగురా? జెనిసిస్ మళ్ళీ కలిసినప్పుడు

జెనిసిస్ గురించి మన పాత విద్యార్థుల సమ్మేళన సంచికలో రాయడానికి తగిన కారణమే ఉంది. ఆ రాక్ బృందం పుట్టింది ఒక బడిలో. లోకానికి తెలిసింది ఆ బడి పాత విద్యార్థుల దినోత్సవం పుణ్యాన. ఇంగ్లండ్‌లో సర్రే ప్రాంతంలోని గోడల్మింగ్ అనే ఊళ్ళో చార్టర్‌హౌస్ పాఠశాల ఉంది. 1967లో ఆ దినోత్సవానికి జొనాథన్ కింగ్ అనే పాత విద్యార్థి వచ్చాడు. అప్పటికే ఒక హిట్ పాటతో పేరు తెచ్చుకున్నవాడు. అక్కడ చదువుతున్న కుర్రాళ్ళు తాము చేసిన పాటల టేపు ఒక స్నేహితుడి ద్వారా అతనికి చేర్పించారు. ఆ కుర్రాళ్ళే పీటర్ గేబ్రియల్, టోనీ బ్యాంక్స్, మైక్ రూథర్‌ఫర్డ్, ఆంథొనీ ఫిలిప్స్. డ్రమ్స్ మీద క్రిస్ స్టీవర్ట్. బృందానికి పేరు పెట్టింది కింగే.

ఆ బడి స్నేహితులు యాభై ఏళ్ళ తర్వాత మళ్ళీ వేదికెక్కితే అభిమానులు సగం సంబరపడ్డారు, సగం బాధపడ్డారు. ఆ రెండు భావాలకూ సంగీతంలోనే కారణాలు ఉన్నాయి.

ముందు ఎవరు ఎప్పుడున్నారో చెప్పుకోవాలి, గొడవంతా అక్కడే ఉంది కనుక. వేదిక భయం వల్ల ఫిలిప్స్ 1970లో తప్పుకున్నాడు. అదే ఏడు ఫిల్ కాలిన్స్ డ్రమ్స్‌కి వచ్చాడు, 1971 మొదట్లో స్టీవ్ హ్యాకెట్ గిటార్‌కి వచ్చాడు. అసలైన జెనిసిస్ అని చాలామంది అనుకునే అయిదుగురు వీళ్ళే: గేబ్రియల్, బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్, కాలిన్స్, హ్యాకెట్. 'ఫాక్స్‌ట్రాట్', 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్', 'ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే' ఆల్బంలు వాళ్ళవి. 1975లో గేబ్రియల్ వెళ్ళిపోయాడు, కాలిన్సే గాయకుడయ్యాడు. 1977లో హ్యాకెట్ వెళ్ళిపోయాడు. మిగిలిన ముగ్గురూ పాటలు పొట్టివి చేసి, 1986లో 'ఇన్విజిబుల్ టచ్' పాటతో అమెరికా జాబితాలో మొదటి స్థానానికి చేరారు. 1996లో కాలిన్స్ కూడా తప్పుకున్నాడు. రే విల్సన్ అనే గాయకుడితో 1997లో ఒక ఆల్బం వచ్చింది, తర్వాత పునఃకలయికల్లో ఎక్కడా అతని ప్రస్తావన లేదు.

మన హాస్టల్లో చేతులు మారిన జెనిసిస్ క్యాసెట్లు కూడా ఇలాగే రెండు రకాలు. దుకాణంలో కొన్నవి ముగ్గురివి, ఎవరో కాపీ చేసి ఇచ్చినవి అయిదుగురివి. 'లాంబ్' మొత్తం 94 నిమిషాలు. 90 నిమిషాల క్యాసెట్‌లో వైపుకి 45 నిమిషాలే పడుతుంది, అందుకని రెండో వైపు చివరి పాట తెగిపోయేది. ఆ ఆల్బం 'ఇట్' అనే పాటతో ముగుస్తుందని తెలియనివాళ్ళు మనలో ఇప్పటికీ ఉండవచ్చు. 'ఫాక్స్‌ట్రాట్' రెండో వైపుకి ఈ బాధ లేదు. దాదాపు 23 నిమిషాల 'సపర్స్ రెడీ', దాని ముందున్న చిన్న గిటార్ ముక్క కలిసి 60 నిమిషాల క్యాసెట్ ఒక వైపులో హాయిగా పడతాయి. ఎవరి చేతికి ఏ క్యాసెట్ ముందు వచ్చిందో వాళ్ళకి అదే అసలు జెనిసిస్ అయింది. పునఃకలయిక వార్త విన్నప్పుడు ఎవరి జెనిసిస్ కోసం వాళ్ళు ఎదురుచూశారు.

ఆ అయిదుగురూ మళ్ళీ ఒకే వేదికమీద కనిపించింది ఒక్కసారే. 1982 అక్టోబరు 2, మిల్టన్ కీన్స్ బౌల్, కురుస్తున్న వాన. కారణం డబ్బు, అదీ తమకోసం కాదు. దేశదేశాల సంగీతాన్ని ఒకచోట వినిపించాలని గేబ్రియల్ మొదలుపెట్టిన వోమాడ్ ఉత్సవం ఆ వేసవిలో షెప్టన్ మాలెట్‌లో జరిగి పెద్ద అప్పు మిగిల్చింది. ఆ అప్పు తీర్చడానికి పాత స్నేహితులు ఒక్క రాత్రి వాయించారు. రిహార్సల్ తక్కువ, తప్పులు దొర్లాయి, హ్యాకెట్ చివరి పాటలకి మాత్రమే వేదిక ఎక్కాడు. ఆ కచేరీకి మిగిలిన రికార్డింగులు ప్రేక్షకులు తీసుకున్న టేపులే, వాటిలో శబ్దం మసకగా ఉంటుంది. అయినా అభిమానులెవరూ ఈ కచేరీని తప్పుపట్టరు. ఎందుకు కలిశారో, ఎందుకు మళ్ళీ కలవరో ముందే తెలుసు కాబట్టి.

తెలుగువాళ్ళం ఆ రాత్రిని ఇంకో కారణంతో గుర్తుపెట్టుకోవాలి. వోమాడ్ నిలబడింది. దాని వెంట 1989లో రియల్ వరల్డ్ రికార్డ్స్ వచ్చింది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ గారు గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' 1995లో ఆ సంస్థ నుంచే వెలువడింది. ఆ ఆల్బం వినని వాళ్ళు వెతికి వినండి. ఈ వ్యాసంలో నేను అడిగే సాయం అదొక్కటే.

తర్వాతి కలయికకి పాతికేళ్ళు పట్టింది. 2000ల నడుమ అయిదుగురూ గ్లాస్గోలో కూర్చుని 'లాంబ్'ని మళ్ళీ వేదికెక్కించే సంగతి మాట్లాడుకున్నారు. గేబ్రియల్ మాట ఇవ్వలేకపోయాడు. సరే మనమే చేద్దామని ముగ్గురూ 2007లో బయల్దేరారు. పాత యాత్రల్లో వెంట ఉన్న చెస్టర్ థాంప్సన్ డ్రమ్స్‌కి, డారిల్ స్టూర్మర్ గిటార్‌కి వచ్చారు. జూన్‌లో హెల్సింకీతో మొదలై, జులై 14న రోమ్‌లోని సర్కస్ మాక్సిమస్‌లో ఉచిత కచేరీ ఇచ్చారు. వచ్చినవాళ్ళు సుమారు 5 లక్షలని అంచనా. నా దృష్టిలో పునఃకలయికలన్నిటిలో సంగీతపరంగా గట్టిది ఇదే. కాలిన్స్ ఇంకా డ్రమ్స్ వాయిస్తున్నాడు. అతనూ థాంప్సన్ రెండు ఎత్తు స్టూళ్ళ మీద కర్రలతో మొదలుపెట్టి, మెల్లగా డ్రమ్స్ మీదికి వెళ్ళే జుగల్బందీ ఆ యాత్రకి గుండెకాయ.

నష్టం కూడా అక్కడే జరిగింది. ఆ యాత్రలో కాలిన్స్ మెడ వెన్నుపూస దెబ్బతింది. వేళ్ళలో పట్టు పోయింది. 2010లో వచ్చిన సొంత ఆల్బం కోసం కర్రల్ని చేతులకి టేపుతో చుట్టుకుని వాయించాడు. వెన్ను శస్త్రచికిత్సల తర్వాత పాదం కూడా స్వాధీనం తప్పి చేతికర్ర వచ్చింది. కనుక 2020 మార్చిలో 'ద లాస్ట్ డామినో?' యాత్ర ప్రకటించగానే మొదటి ప్రశ్న: డ్రమ్స్ ఎవరు? జవాబు, అతని కొడుకు నిక్. కోవిడ్ వల్ల రెండుసార్లు వాయిదాపడి, 2021 సెప్టెంబరు 20న బర్మింగ్‌హామ్‌లో మొదలయ్యేనాటికి నిక్ వయసు 20. వారాల్లోనే బృందంలో కోవిడ్ బయటపడి గ్లాస్గో, లండన్ కచేరీలు మళ్ళీ ఆగాయి. ఆఖరి కచేరీ 2022 మార్చి 26న లండన్ ఓటూ అరీనాలో జరిగింది.

కాలిన్స్ కుర్చీలో కూర్చుని పాడాడు. ఆ దృశ్యం కొందరికి నచ్చలేదు, ఇంట్లో ఉండాల్సిన మనిషిని తీసుకొచ్చారన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. మన కచేరీల్లో గాయకుడు కూర్చోవడం ఎప్పుడూ లోపం కాదు. అసలు చర్చ శ్రుతి గురించి జరగాలి. వయసుతో స్వరపేటిక మృదులాస్థి గట్టిపడుతుంది, స్వరతంతువుల పైపొర పలచబడుతుంది, ఊపిరి నిలుపు తగ్గుతుంది. పై స్థాయి ముందు పోతుంది. కర్ణాటక విద్వాంసుడు అరకట్టో కట్టో (కట్ట అంటే శ్రుతి కొలత) శ్రుతి దించుకుంటే తంబురా, వయొలిన్, మృదంగం దానికి సర్దుకుంటాయి, కృతికి ఏమీ కాదు. రాక్ పాట అంత తేలిగ్గా దిగదు. గిటార్ వరసలు చాలావాటిని విడి తీగలు మోగేలా కట్టి ఉంటారు. క్యాపో (గిటార్ మెడకి బిగించే పట్టీ) బిగిస్తే శ్రుతి పెరుగుతుందే గాని తగ్గదు. తగ్గించాలంటే తీగలే వదులు చెయ్యాలి. 12 తీగల గిటార్‌లో అలా చేస్తే బిగువు తగ్గి తీగ మెట్లకి కొట్టుకుని బరబరమంటుంది, జంట తీగల శ్రుతి ఒకదానితో ఒకటి తప్పుతుంది. అందుకే దించిన శ్రుతికి వేరే గిటార్లు, కొంచెం లావు తీగలు అవసరం. కీబోర్డు ఒక బటన్ నొక్కితే దిగుతుంది కానీ మెరుపు తగ్గుతుంది. కాళ్ళతో వాయించే బేస్ పెడల్స్ స్వరాలు ఇంకా కిందికి పోతే పెద్ద హాల్లో ఏ స్వరమో తెలియని గుర్రుమనే మోత మిగులుతుంది. 'మామా' లాంటి పాటలో గాయకుడు గొంతు చివరంచుకి వెళ్ళి అరవడమే భావం. శ్రుతి దించితే స్వరం అందుతుంది, ఆ అంచు పోతుంది. పాత అభిమానులకి కష్టం కలిగించింది ఇదే, వాళ్ళు విన్నది సరిగ్గానే విన్నారు.

పక్కన ఇద్దరు సహగాయకుల్ని నిలబెట్టారు. బృందం చరిత్రలో ఇది మొదటిసారి. పై స్వరాలు వాళ్ళు మోస్తే కాలిన్స్ కింద మాటని పలికాడు. సరైన నిర్ణయం. నిక్ విషయంలో మొదట అనుమానపడ్డవాళ్ళే తర్వాత మాట మార్చుకున్నారు. అతని దెబ్బ బరువైనది, 1976-77 నాటి తండ్రి వాయింపుకి దగ్గర. 'సినిమా షో' రెండో సగం 7 మాత్రల నడక. మిశ్ర చాపు చేతిలో ఉన్నవాళ్ళకి కష్టం లేదు. రాక్ డ్రమ్మర్ నాలుగు నాలుగుగా ఆలోచించే అలవాటులో ఆ ఏడో మాత్ర దగ్గర తొట్రుపడతాడు, లేదా తొందరపడతాడు. నిక్ రెండూ చెయ్యలేదు. 'టర్న్ ఇట్ ఆన్ అగెయిన్' 13 మాత్రలది. తప్పట్లు కొట్టే ప్రేక్షకులు రెండో వరసకే దారితప్పే పాట. అదీ నిలబెట్టాడు. 'ఫేడింగ్ లైట్స్' నుంచి 'సినిమా షో'లోకి, అక్కడినుంచి 'ఆఫ్టర్‌గ్లో'లోకి సాగిన ఆ పొడవైన భాగం ఆఖరి యాత్రలో అన్నిటికన్నా మేలైనది. నడుమ పెట్టిన నెమ్మది భాగంలో 'లాంబ్' శీర్షిక పాటని అకూస్టిక్ గిటార్‌కి కుదించడం మాత్రం పొరపాటు. ఆ పాటకి ప్రాణం బ్యాంక్స్ పియానోలో పరిగెత్తే వేళ్ళు. అది తీసేస్తే మిగిలేది మామూలు పల్లవి.

వయసైనది మనుషులే కాదు, యంత్రాలు కూడా. 'వాచర్ ఆఫ్ ద స్కైస్' మొదట్లో వినిపించే ఆ మబ్బులాంటి నాదం మెలోట్రాన్ అనే వాద్యానిది. ఒక్కో మీటకీ ఒక్కో టేపు ముక్క, దానిమీద ఒకే స్వరంలో వయొలిన్ల రికార్డింగ్. మీట నొక్కితే టేపు తిరిగే ఇరుసుకి ఒరుసుకుని సుమారు 8 సెకన్లు మోగి అయిపోతుంది. వదిలితే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. అన్ని మీటలకీ మోటారు ఒక్కటే కనుక ఎక్కువ మీటలు ఒకేసారి నొక్కితే బరువుకి వేగం తగ్గి శ్రుతి కుంగుతుంది. కరెంటు ఒడుదొడుకులకీ అంతే. చెమ్మకి టేపు అంటుకుంటుంది. 2007 నాటికి బ్యాంక్స్ చేతిలో డిజిటల్ కీబోర్డులే ఉన్నాయి. శ్రుతి తప్పవు, 8 సెకన్ల హద్దు లేదు. ఆ వణుకు కూడా లేదు. స్టేడియంలో రాత్రికి రెండున్నర గంటలు నడవాలంటే వేరే దారి లేదు. అయినా ఆ వణుకు కోసం వెళ్ళినవాళ్ళ వెలితి అబద్ధం కాదు.

ఇక హ్యాకెట్. అతన్ని 2007లోనూ పిలవలేదు, 2021లోనూ పిలవలేదు. 2014లో బీబీసీ డాక్యుమెంటరీ కోసం అయిదుగురినీ ఒకచోట కూర్చోబెట్టి, అందులో అతని సొంత కృషిని పక్కన పెట్టేశారు. అతను బహిరంగంగానే అభ్యంతరం చెప్పాడు. కానీ 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్' గిటార్ సోలో లేకుండా ఈ రెండు యాత్రల్లో ఏదీ సాగలేదు. 1977 నుంచి వెంట నడిచిన థాంప్సన్‌ని కూడా ఆఖరిసారి పిలవలేదు. ఇది నాకు కూడా మింగుడుపడని విషయం. కొడుకు తండ్రి చోటు తీసుకోవడం సబబే, రెండో డ్రమ్స్ సెట్టుకి వేదికమీద జాగా లేకపోలేదు. పాత పాటలు పూర్తి నిడివితో వినాలంటే హ్యాకెట్ కచేరీలే దారి. 2013 నుంచి జెనిసిస్ పాటల్ని సొంత బృందంతో దేశదేశాల్లో వాయిస్తున్నాడు. మాంట్రియల్‌కి చెందిన ద మ్యూజికల్ బాక్స్ అనే అనుకరణ బృందం 'లాంబ్' ప్రదర్శనని నాటి స్లైడ్లతో సహా, అనుమతి తీసుకుని మళ్ళీ చూపించింది. కొత్త ఆల్బం మాత్రం ఏ కలయికలోనూ రాలేదు. పాటలు రాయడమే పనిగా మొదలైన బృందానికి ఇది అన్నిటికన్నా పెద్ద లోటు.

ఓటూ అరీనా ఆఖరి రాత్రి గేబ్రియల్ వచ్చాడు, ప్రేక్షకుల్లో కూర్చున్నాడు. వేదిక ఎక్కలేదు. ఎక్కి ఉండాల్సిందని వాదించేవాళ్ళు నేటికీ ఉన్నారు. ఎక్కితే ఆ రాత్రి కాలిన్స్‌ది కాకుండా పోయేది. గేబ్రియల్ చేసింది సరైన పని.

సమ్మేళనం రెండో రోజు మధ్యాహ్నం పాత లైబ్రరీ హాల్లో 'సినిమా షో' మూడు రికార్డింగులు వరసగా పెడుతున్నాం: 1973 స్టూడియోది, బిల్ బ్రూఫర్డ్ కూడా డ్రమ్స్ వాయించిన 'సెకండ్స్ అవుట్' అనే కచేరీ ఆల్బంలోది, 2007 యూరప్ యాత్రలోది. 2007 దానిలో వేరే పాటలు కలిపిన మాలిక ఉంటుంది, మన ముక్క నడుమ వస్తుంది. ఫోన్‌లో ముందే విని రానక్కర్లేదు. బేస్ పెడల్స్ చిన్న స్పీకర్లలో వినపడవు, అందుకే హాల్‌కి పెద్ద స్పీకర్లు తెప్పిస్తున్నాం. మృదంగం, తబలా వచ్చినవాళ్ళు ముందు వరసలో కూర్చుని 7 మాత్రలు చేత్తో వేస్తే మిగతావాళ్ళకి లెక్క అందుతుంది.