జుట్టు మాత్రలు, తప్పు థైరాయిడ్ రిపోర్టు: నా అనుభవం

నిన్న సాయంత్రం రెండో రిపోర్టు వచ్చింది. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ 2.3, నార్మల్. మూడు వారాల కింద అదే టెస్టులో 0.03 వచ్చేసరికి, థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేస్తోందేమోనని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డాం. నాకు గుండె దడ లేదు, చెమటలు లేవు, బరువూ తగ్గలేదు. హనుమకొండలో నేను చూపించుకునే డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టి "ఏమన్నా గోలీలు వాడుతున్నవా అమ్మా?" అని అడిగింది. లేదన్నాను. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు గుర్తొచ్చింది, జుట్టు రాలుతోందని నాలుగు నెలలుగా మింగుతున్న మాత్రలు.

అందులో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. అది ఎక్కువగా ఒంట్లో ఉంటే కొన్ని రకాల టెస్టుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఆ టెస్టు కిట్లలోనే బయోటిన్ వాడతారు కాబట్టి మనం మింగింది మధ్యలో దూరి లెక్క చెడగొడుతుంది. గుండెపోటు పట్టుకునే ట్రోపోనిన్ టెస్టు కూడా ఇట్లాగే తప్పు చూపించొచ్చని అమెరికాలో మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. మనిషికి రోజుకు 30, 40 మైక్రోగ్రాములు చాలు, జుట్టు మాత్రల్లో 5,000, 10,000 దాకా వేస్తారు.

"నీ దాంట్ల ఎంతున్నదో చూసి చెప్పు" అంది డాక్టరమ్మ. సీసా తిప్పి చూస్తే బయోటిన్, జింక్, గుంటగలగరాకు అన్నీ కలిపి "హెయిర్ కాంప్లెక్స్ 650 మిల్లీగ్రాములు" అని ఒక్క లైను. ఏది ఎంతో లేదు. మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు వాళ్ల ఫోస్కోస్ సైట్‌లో కొట్టి చూశాను, సరైనదే. కస్టమర్ కేర్‌కు చేస్తే "ఫార్ములా బయటికి చెప్పం మేడమ్" అని ఫోన్ పెట్టేశారు. ఏ పోషకం ఎంతుందో లేబుల్ మీద రాయాలని ఇట్లాంటి మాత్రల గురించిన 2016 నిబంధనల్లోనే ఉంది, ఇంకా దాచేదేముంది?

మా వాడకట్టులోని వకీలు ఒకాయన దారి చెప్పాడు. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద కొన్నవాళ్లే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు, తప్పు తేలితే ఫీజు వాపసు. కానీ పరీక్ష చేయిస్తానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. నా సీసా అప్పటికే సగమైపోయింది. అందుకని కొత్తది కొనడానికి వెళ్లాను.

899 రూపాయలు ఇచ్చాను, బిల్లు తీసుకున్నాను, పరీక్ష చేయిస్తానని నెమ్మదిగానే చెప్పాను. అంతే, దుకాణదారు నా చేతిలోని సీసా గుంజుకున్నాడు. "దొంగ సరుకు అమ్ముతున్ననా నేను? ఇన్ని రోజుల సంది వందల మంది తీస్కపోయిన్రు, ఒక్కరన్నా అడిగిన్రా? సదువుకున్నోళ్లతోనే పరేషాన్. తీస్కో నీ పైసలు" అని నోట్లు కౌంటర్ మీద విసిరాడు. ఒక ఐదువందల నోటు కిందపడింది. షాపులో ఐదారుగురున్నారు, అందులో నా దగ్గర తొమ్మిదో తరగతి చదివే పిల్ల వాళ్ల నాన్న కూడా. ఆయన తల తిప్పుకున్నాడు. నేను వంగి ఆ నోటు తీసుకున్నాను. ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, నాతో అట్లా ఎవరూ మాట్లాడలేదు. అక్కడ నోరు పెగల్లేదు, ఆటో ఎక్కాక ఏడుపొచ్చింది. ముందే చెప్పి కొనాలని చట్టంలో రాసినవాళ్లు ఒక్కసారి ఏదైనా కౌంటర్ ముందు నిలబడి ఆ మాట చెప్పి చూడాలి.

పాత సీసా ఫొటోలు, పాత బిల్లు పెట్టి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేశాను, అది పది నిమిషాల పని. ఇంకా జవాబు రాలేదు. మీరూ బిల్లులు పారేయకండి, రక్తం ఇచ్చేముందు జుట్టుకూ గోళ్లకూ వాడేవి కూడా చెప్పండి. డాక్టరమ్మ మాత్రలు వారం మానేయమంటే నేను పది రోజులు ఆగి టెస్టుకిచ్చాను.

పొద్దున రిపోర్టు చూపిస్తే నవ్వి, నా ఫైలు మొదటి పేజీ మీద రాసింది: బయోటిన్, మోతాదు తెలియదు.