కారు స్టీరియోలో 14,312 పాటలు: నా అనుభవం

కారు స్టీరియోలో నా పాటలన్నీ వెతకగానే దొరికేలా సర్దే పని నిన్న రాత్రి పదకొండున్నరకు పూర్తయింది. పూర్తయిందని నాకు నేను చెప్పుకోవడం ఇది నాలుగోసారి కావడంతో, ఈ ఉదయం కారు తీసి కాలనీ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, పాటలన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయని రూఢి చేసుకున్న తరువాతే రాయడానికి కూర్చున్నాను.

నా దగ్గర 14,312 పాటలున్నాయి. ఖజానా శాఖలో 31 ఏళ్లు పద్దులు రాసినవాణ్ణి కనుక ఈ అంకెలో ఒక్క పాట అటూ ఇటూ ఉండదు. వీటిలో ఎక్కువ భాగం సీడీల నుంచి నేనే ఎక్కించుకున్నవి, కొన్ని మిత్రుల హార్డ్ డిస్కుల నుంచి వచ్చినవి, ఆరువందల పైచిలుకు మాత్రం నా పాత క్యాసెట్లవి. ఆ క్యాసెట్లలో రేడియోలో వస్తుండగా పట్టుకున్న లలిత గీతాలున్నాయి, మా అమ్మ పేరంటాల్లో పాడిన మంగళహారతులున్నాయి. అవి మరెక్కడా దొరకవు. 2009లో కోఠీలోని ఒక దుకాణంలో వాటిని ఎంపీత్రీలుగా మార్పించాను. ఆ దుకాణదారుడి నిర్వాకం గురించి తరువాత చెబుతాను.

గత దసరాకు కొత్త కారు కొన్నాము. 128 జీబీ పెన్‌డ్రైవ్‌లో పాటలన్నీ ఎక్కించి పెడితే స్టీరియో దాన్ని గుర్తించనే లేదు. ఇందులో పెద్ద మర్మమేమీ లేదు. ఈ పరిమాణంలోని డ్రైవులు సాధారణంగా, ఫైళ్లను అమర్చే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి; చాలా కారు స్టీరియోలకు ఫ్యాట్32 అనే పాత పద్ధతి మాత్రమే అర్థమవుతుంది. కంప్యూటర్లోని మామూలు ఫార్మాట్ పెట్టె 32 జీబీ దాటిన డ్రైవుకు ఆ అవకాశం చూపలేదు కానీ, రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని రెండు నిమిషాల్లో చేసిపెట్టింది.

అంతటితో అయిపోయిందనుకుని ఆరేడు నెలలు ఊళ్లోనే తిరిగాను. పది నిమిషాల ప్రయాణాల్లో ఏ పాట వస్తే అది వినేవాణ్ణి. అసలు సంగతి కిందటి నెలలో బయటపడింది.

మా వియ్యంకులను విజయవాడలో ఒక నిశ్చితార్థానికి మా కారులోనే తీసుకువెళ్లవలసి వచ్చింది. హైదరాబాదు నుంచి దాదాపు 270 కిలోమీటర్ల దారి. నాలుగు రోజుల ముందే ఫోనులో, “మా బండిలో పద్నాలుగు వేల పాటలున్నాయి, మీరు అడగడమే ఆలస్యం” అని గొప్పగా చెప్పి ఉన్నాను. బయలుదేరే రోజున నలుగురు పెద్దవాళ్లం, మా మనవడు ఎక్కి కూర్చున్నాము. తాళం తిప్పగానే స్టీరియో నాలుగు నిమిషాలపాటు పాటలన్నీ లెక్కపెట్టుకుని, తన జాబితాలో అక్షరక్రమాన అన్నింటికంటే మొదట ఉన్నదాన్ని అందుకుంది. ముందు ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ తరువాత శ్రుతి సరిగా కలవని హార్మోనియం ఒకటి మోగింది. ఆ వెనుక రాయబారం పద్యం మొదలైంది. ఆ గొంతు నాది.

1989లో మా ఆఫీసు వార్షికోత్సవంలో పాడిన పద్యమది. దాన్ని ఎవరో క్యాసెట్లో పట్టి నాకు బహుమతిగా ఇచ్చారు. కోఠీ దుకాణదారుడు పని మొదలుపెట్టేటప్పుడు ఆ క్యాసెట్‌తోనే యంత్రాన్ని పరీక్షించుకుని, పాట పేరున్న చోట “ఏఏ టెస్ట్” అని ఇంగ్లీషులో కొట్టి వదిలేశాడు. రెండు ‘ఏ’లు పక్కపక్కన ఉన్న పేరును అక్షరక్రమంలో మించగలిగేది ఏముంటుంది? రాగం తీసే ఘట్టం రాకముందే ఆపుదామని నేను మీటలన్నీ నొక్కాను. కంగారులో శబ్దం పెరిగింది. మా వియ్యంకుడు మర్యాదస్తుడు కాబట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. మా ఆవిడకు మాత్రం అంత నిగ్రహం లేకపోయింది.

పంతంగి టోల్ దాటాక వియ్యపురాలు, “అన్నయ్యగారూ, సుశీలమ్మ పాటలు పెట్టండి” అన్నారు. గాయకుల జాబితా తెరిచాను. తెర మీద ఒకసారికి అయిదు పేర్లు కనిపిస్తాయి. నా డ్రైవులో గాయకులుగా నమోదైనవారు 1,846 మంది అని తరువాత లెక్క తేలింది. అంటే 370 తెరలు తిప్పాలి. పైగా బండి కదులుతున్నప్పుడు కొంత దూరం తిప్పగానే “వాహనం నడుస్తుండగా ఈ సదుపాయం లేదు” అని ఇంగ్లీషులో చెప్పి, ఆ జాబితా మళ్లీ మొదటికి వచ్చేస్తుంది. భద్రత కోసం పెట్టిన నియమాన్ని నేను తప్పుపట్టను. అయితే పక్క సీటులో కూర్చుని తిప్పుతున్న మా ఆవిడ డ్రైవరు కాదని దానికి తెలియదు. నోటితో చెబితే వింటుందని కారు అమ్మినవాళ్లు చెప్పింది గుర్తొచ్చి, స్టీరింగ్ మీది మీట నొక్కి “పి. సుశీల” అన్నాను. అది ఒక క్షణం ఆలోచించి మా గ్యాస్ ఏజెన్సీకి ఫోన్ కలిపింది. అవతల ఆయన “సిలిండరు ఎల్లుండి వస్తుందండీ” అని కూడా చెప్పాడు.

చివరకు చిట్యాల దగ్గర మే నెల ఎండలో బండి పక్కకు ఆపి, ఏసీ వేసి, ఇరవై నిమిషాలు ఆ గుండ్రటి మీట తిప్పాను. ‘పి’ అక్షరం కింద సుశీల గారి పేరు దొరికింది. లోపల మూడే పాటలున్నాయి. నా దగ్గర ఆవిడవి పన్నెండువందలకు తక్కువ లేవని ప్రమాణపూర్వకంగా చెబుతుంటే, వెనుక సీటులోని మనవడు, “నాన్నమ్మ ఫోన్లో పెడతాను తాతయ్యా” అన్నాడు. పెట్టాడు. సూర్యాపేట దాకా మేమందరం ఆ చిన్న ఫోనులోంచి వచ్చే సన్నటి గొంతునే విన్నాము. కారుకు ఆరు స్పీకర్లున్నాయి.

తిరిగి రాగానే సర్వీసు కేంద్రానికి వెళ్లాను. అక్కడి కుర్రవాడు డ్రైవు పెట్టి చూడను కూడా చూడకుండా, “ఈ రోజుల్లో పెన్‌డ్రైవ్ ఎవరు వాడుతున్నారు సార్, ఫోన్ కనెక్ట్ చేసుకోండి” అన్నాడు. నెలనెలా డబ్బు కట్టి వినే పాటలు మనవి కావు. హక్కుల ఒప్పందం ముగిస్తే చెప్పకుండా మాయమవుతాయి. మా అమ్మ మంగళహారతి ఏ యాప్‌లో ఉందో చూపించమని అడిగాను. అతడు మేనేజరును పిలుచుకొచ్చాడు. మేనేజరు నాకు టీ ఇప్పించాడు. ఆ ఇద్దరి వల్ల నాకు జరిగిన మేలు ఆ టీ ఒక్కటే.

ఇక నేనే పూనుకున్నాను. స్టీరియోతో ఇచ్చిన పుస్తకంలో, చివరి పేజీల్లోని ఒక పట్టిక కింద, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది అసలు మాట: ఈ యంత్రం 10,000 పాటలకు మించి చదవదు. మిగిలిన 4,312 పాటలు డ్రైవులో ఉన్నా దానికి లేనట్టే. హద్దు దాటిందని హెచ్చరించదు కూడా. ఖజానాలో మేము పద్దు తిరస్కరిస్తే కారణం రాసి సంతకం పెట్టి పంపేవాళ్లం. ఈ యంత్రానికి ఆపాటి మర్యాద లేదు. కొనబోయేవారు రంగు గురించి, మైలేజీ గురించి అడిగినట్టే ఈ పరిమితి గురించి కూడా అడగాలి. అమ్మేవారికి తెలియదు, అయినా అడగాలి.

సుశీల గారు మూడు పాటలకు ఎందుకు కుంచించుకుపోయారో తెలుసుకోవడానికి వారం పట్టింది. ప్రతి ఎంపీత్రీ ఫైలు కడుపులో ట్యాగ్ అనే చీటీ ఒకటి ఉంటుంది; పాట పేరు, గాయకుల పేరు అందులోనే ఉంటాయి. స్టీరియో పాట వినదు, ఆ చీటీ చదువుతుంది. చీటీలో “ఘంటసాల, పి. సుశీల” అని ఉంటే అది ఇద్దరి కింద చూపించదు, ఆ పేరుగల మూడో మనిషి ఒకరున్నారని అనుకుంటుంది. ఇంటిపేరు తరువాత చుక్క ఉంటే ఒకరు, లేకపోతే మరొకరు. బాలసుబ్రహ్మణ్యం గారి పేరు నా డ్రైవులో 23 రకాలుగా ఉంది. ‘ఎస్పీబీ’ దగ్గర మొదలై, ఇంగ్లీషులో ఎన్ని విధాలుగా తప్పు రాయవచ్చో అన్ని విధాలుగానూ రాసి ఉంది. మిత్రుల హార్డ్ డిస్కుల పాటల్లోనైతే గాయకుడి స్థానంలో ఏదో వెబ్‌సైటు చిరునామా ఉంది. పాడింది ఘంటసాల, పేరు పడింది దొంగది.

ఇవన్నీ ఎంపీత్రీట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దిద్దాను. ఒకేసారి వందల పాటలకు ఒకే పేరు రాసే వీలు దానిలో ఉంది. అయితే దిద్దిన తరువాత కూడా కంప్యూటరు కొత్త పేరు, కారు పాత పేరు చూపించడంతో నాకు పిచ్చెక్కినంత పనైంది. చివరకు తెలిసిందేమంటే, ఒక ఫైలులో రెండు చీటీలు ఉండవచ్చు. 1996 నాటి పాత పద్ధతి చీటీ ఫైలు చివరి 128 బైట్లలో ఉంటుంది. పాట పేరుకు అందులో 30 అక్షరాలే చోటు. 1998 నుంచి వచ్చిన కొత్త పద్ధతి చీటీ ఫైలు మొదట్లో ఉంటుంది. నేను దిద్దింది కొత్తదాన్ని, నా కారు చదివింది పాతదాన్ని. పాత చీటీలన్నీ తీసిపారేయగానే ఆ దెయ్యం వదిలింది.

ఆ ఉత్సాహంలో నాలుగువందల పాటలకు పేర్లు తెలుగులో రాశాను. తెర మీద నెత్తిన కొమ్ములున్న ఐరోపా అక్షరాలు వరుసగా వచ్చాయి. అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో చీటీ ఉండడమే కారణమని తెలిసి, ఆ కొత్త పద్ధతి చీటీల్లోనే పాత యంత్రాలకు అలవాటైన 2.3 రకంగా, యూటీఎఫ్-16 అనే మరో పద్ధతిలోకి మార్చాను. ఈసారి కొమ్ములు పోయి ఖాళీ గళ్లు వచ్చాయి. అంటే అక్షరం ఏమిటో దానికి తెలిసింది, గీయడానికి ఫాంటు లేదు. అదే తెర భాషల జాబితాలో అరబ్బీ ఉంది, రష్యన్ ఉంది. ప్రపంచ లిపుల అక్షరాలకు అంకెలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. హైదరాబాదులో అమ్మే బండిలో తెలుగు అక్షరం లేకపోవడాన్ని సాంకేతిక లోపమని నేను అనను; కొనేవాళ్లు అడగరనే ధీమా అది. కడుపు మండుతూనే నాలుగువందల పేర్లూ మళ్లీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాను. ‘శ’కు ఏం రాయాలో ముందే ఒకటి నిర్ణయించుకుని కాగితం మీద రాసుకోండి. నేను రాసుకోలేదు, శారదలు రెండు చోట్ల తేలారు.

చివరకు ఆ పెద్ద డ్రైవును పక్కన పెట్టి మూడు 32 జీబీ డ్రైవులు చేశాను. ఎరుపు రిబ్బను కట్టినది పాత సినిమా పాటలు, పసుపుది భక్తి, నీలం తరువాతి తరం. ఒక్కొక్కదానిలో పాటలు అయిదు వేలు దాటలేదు. గాయకుల జాబితా జోలికి వెళ్లకుండా ఫోల్డర్ల ద్వారానే వెతికేలా, ప్రధాన గాయకుడి పేరుతో ఒక ఫోల్డరు, దాని లోపల దశకాల వారీగా ఫోల్డర్లు పెట్టాను. పాటల ముందు 1, 2 అని కాక 001, 002 అని రాయాలి. లేకపోతే 1 తరువాత 10 వస్తుంది. ఫోల్డర్లు తెరిచినప్పుడు కొన్ని స్టీరియోలు ఫ్యాట్32లో పేరును కాక డ్రైవులోకి ఎక్కిన వరుసను పాటిస్తాయి, నాది ఆ జాతిదే. ఫ్యాట్‌సార్ట్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఆ వరుసను సరిచేస్తుంది. మా అబ్బాయి మ్యాక్‌లో కాపీ చేసిన ఫోల్డర్లలో ప్రతి పాటకూ చుక్క-గీతతో మొదలయ్యే దొంగ ఫైలు ఒకటి చేరింది. కంప్యూటరులో కనిపించకపోయినా కారు వాటిని పాటలుగానే లెక్కగట్టింది. వాటిని తుడిచేశాను.

పద్యాన్ని తుడిచేయడానికి మాత్రం మా ఆవిడ ఒప్పుకోలేదు. దాని పేరు ముందు ‘జెడ్’లు రెండు చేర్చి నీలం డ్రైవు అట్టడుగుకు పంపాను. మూడు డ్రైవుల్లోనూ మొదటి స్థానంలో ముప్పై సెకన్ల ఖాళీ శబ్దం ఫైలు ఒకటి పెట్టాను. అది ముగిసేలోగా కావలసిన ఫోల్డరు తెరుచుకోవచ్చు.

ఈ ఉదయం మూడో ప్రదక్షిణలో మా వియ్యంకుడు గుడి దగ్గర కనిపిస్తే బండి ఎక్కించుకున్నాను. డ్రైవు మార్చి పెట్టాను. స్టీరియో నిశ్శబ్దంగా ఉంది. ఆయన కాసేపు ఎదురుచూసి, “ఏం బావగారూ, ఈసారి పద్యం లేదా?” అన్నారు.