తాతతో రేణిగుంటకు, అక్కణ్ణుంచి షార్‌కు

పాకాల దగ్గరున్న మా ఊరికి తాత ఇన్నాళ్లూ వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లోనే పోయేవాడు. రాత్రంతా ప్రయాణం. ఈసారి, 87 ఏళ్ల వయసులో, ఆయన్ను హైదరాబాద్ నుంచి రేణిగుంటకు విమానంలో తీసుకెళ్లాను. పెద్ద ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ విమానం అది.

మా కిటికీ రెక్క కిందే. ఫ్యాన్ వైపు చూస్తూ తాత, "దీనికి బలమెంత?" అన్నాడు. ఒక్కో ఇంజనుది దాదాపు 2,500 గుర్రాల శక్తి. 1903లో మొదటి విమానం కడుతున్న రైట్ సోదరులకు తగినంత తేలికైన ఇంజను ఎక్కడా దొరకలేదు. వాళ్ల సైకిల్ షాపులో పనిచేసే చార్లీ టేలర్ స్వయంగా ఒకటి తయారుచేశాడు. దాని శక్తి పన్నెండు గుర్రాలే. ఆ ఏడాది డిసెంబరు 17న ఆర్విల్ రైట్ దాంతోనే 12 సెకన్లు గాల్లో ఉండి, 120 అడుగులు పోయాడు. మేం కూర్చున్న విమానం పొడవే సుమారు 90 అడుగులు!

మాటల్లో, ఆర్విల్ 1948 జనవరి 30న పోయాడని చెప్పాను. తాత గభాలున నా వైపు తిరిగాడు. గాంధీజీ పోయిన రోజు కదా! తాతకప్పుడు పదేళ్లు. మర్నాడు వార్త తెలిశాక ఊళ్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదట.

"అంటే నేను బడికి పోతా ఉన్నప్పుడు గూడా ఆయప్ప ఉండినాడా?"

ఉన్నాడు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం ఇదే. రైట్ సోదరులంటే ఏదో పాతకాలం మనుషులని అనుకుంటాం. కానీ జెట్ విమానాలు వచ్చింది, అమెరికా పైలట్ చక్ యేగర్ విమానంలో శబ్దవేగాన్ని దాటింది ఆర్విల్ బతికుండగానే. 1944లో ఆయన కాన్‌స్టెలేషన్ విమానం ఎక్కాడు. దాని రెక్కల వెడల్పు 123 అడుగులు, ఆయన మొదటి ప్రయాణం కన్నా ఎక్కువ. ఆయన పోయిన ఏడాదే, జూన్‌లో, ఎయిరిండియా అదే రకం విమానంతో బొంబాయి నుంచి లండన్‌కు సర్వీసు మొదలుపెట్టింది.

తిరుపతిలో చెల్లెలింట్లో దిగి, ఇస్రో వాళ్ల పీఎస్‌ఎల్‌వీ రాకెట్ ప్రయోగం చూడ్డానికి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్‌కు వెళ్లాం. గ్యాలరీ పాసులకు ముందే ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి. సూళ్లూరుపేట దాటాక పులికాట్ సరస్సు మధ్యగా రోడ్డు, రెండు పక్కలా నీళ్లు. తాత కునుకైనా తీయలేదు.

ముందు మంట కనిపించింది. రాకెట్ పైకి లేచి పోతుంటే అప్పుడొచ్చింది చప్పుడు, గుండెల్లో దడదడమంటూ. తాత నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పీఎస్‌ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు. దాన్ని నేలమీద పడుకోబెడితే ఆర్విల్ పోయిన 120 అడుగులూ దాటిపోతుంది.

తిరుగుదారిలో టీ తాగుతుంటే తాత 1969 సంగతి ఎత్తాడు. చంద్రుడి మీద మనిషి దిగాడని పంచాయతీ రేడియోలో విన్నాడట. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆనాడు తన వెంట రైట్ సోదరుల మొదటి విమానం రెక్క గుడ్డ ముక్క, ప్రొపెల్లర్ చెక్క ముక్క తీసుకెళ్లాడని నేను చెప్పాను.

"ఈ మాట రేడియోలో చెప్పలేదే!" అన్నాడు తాత. ఊరికి పోగానే తన ఈడువాళ్లందరికీ చెప్పాలని, ఆ పేర్లు ఇంకోసారి చెప్పించుకున్నాడు.