290 గ్రాముల లెన్స్‌తో కొండదారిలో

కొండలెక్కేటప్పుడు బరువు సంగతి మొదట్లో తెలియదు. కాసేపటికి భుజం గుర్తు చేస్తుంది. ఇంకాసేపటికి కెమెరా సంచిలోకి వెళ్లిపోతుంది. ఒకసారి లోపలికి వెళ్లిందా, ఇక దాన్ని బయటికి తీయబుద్ధి కాదు. ఆగాలి, సంచి దించాలి, జిప్పు లాగాలి, లెన్స్ మూత తీయాలి. ఈలోపు మబ్బు కమ్మేస్తుంది, పిట్ట ఎగిరిపోతుంది. అందుకే అక్కా నేనూ లోయ పైనున్న సరస్సు దాకా ఎక్కి, అక్కణ్ణించి కనుమ దాటి అవతలి వైపు దిగుదామనుకున్నప్పుడు నేను ఒకే ఒక్క లెన్స్ పెట్టుకున్నాను. సిగ్మా 18-50 ఎంఎం ఎఫ్/2.8 జూమ్. దాని వెనక సోనీ ఆల్ఫా 6400 బాడీ.

అక్కది ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, అంటే బొమ్మ పడే సెన్సర్ పెద్దది. దానికి 24-70 ఎఫ్/2.8, సోనీ జీ మాస్టర్ రెండో తరం లెన్స్. బయల్దేరే ముందు లెక్కలు వేసుకున్నాం. అక్క లెన్స్ ఒక్కటే 695 గ్రాములు. నా లెన్స్ 290, బ్యాటరీ, కార్డుతో కలిపి బాడీ 403. రెండూ కలిస్తే 693. అంటే బాడీతో సహా నా సరంజామా అంతా ఆమె లెన్స్ ఒక్కదాని బరువే.

"ఏరా, ఇంత చిన్నదాంతో పనవుతుందా?" అంది అక్క.

"చూద్దువుగానీ అక్కా" అన్నాను.

ఇంత చిన్నగా ఎలా కుదిరిందంటే, నా కెమెరాలోది క్రాప్ సెన్సర్, దాదాపు 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 ఎత్తు. ఫుల్‌ఫ్రేమ్ దానికి వెడల్పులో ఒకటిన్నర రెట్లు. లెన్స్ అంత మేరకే బొమ్మ వేస్తే చాలు కాబట్టి గాజు చిన్నదైనా సరిపోతుంది. 1.5తో గుణిస్తే 18-50 అనేది ఫుల్‌ఫ్రేమ్‌లో 27-75 చూపించినంత చూపిస్తుంది. ఈ తరహాలో వేరే లెన్స్‌లూ ఉన్నాయి. టామ్రాన్ 17-70 ఎఫ్/2.8 అయితే ఇంకా దూరం వెళ్తుంది, చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ కూడా దానిలోనే ఉంది, కానీ 525 గ్రాములు. సోనీ సొంత 16-55 ఎఫ్/2.8 జీ 494 గ్రాములు. సిగ్మావాళ్లు మాత్రం వదులుకోగలిగినవన్నీ వదిలేశారు. స్టెబిలైజేషన్ లేదు, మాన్యువల్ ఫోకస్‌కి మారే స్విచ్ లేదు, వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే అపెర్చర్‌ని మార్చే రింగ్ లేదు. ఫిల్టర్ సైజు 55 ఎంఎం. వదిలేసిన వాటిలో ఒక్కటి తప్ప మిగతావేవీ నాకు దారిలో గుర్తు రాలేదు. ఆ ఒక్కటీ ఏమిటో జలపాతం దగ్గర చెబుతాను.

దారి మొదట చాలాసేపు దట్టమైన అడవిలోంచే. పైన ఎండ కాస్తున్నా కింద సాయంత్రంలా ఉంటుంది. ఎఫ్/2.8 విలువ తెలిసేది ఇలాంటి చోటే. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అపెర్చర్ అంత వెడల్పు. కెమెరాతో పాటు వచ్చే మామూలు కిట్ జూమ్ 50 ఎంఎం దగ్గర ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు. ఎఫ్/2.8 నుంచి ఎఫ్/5.6కి రెండు స్టాపుల తేడా. ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది, అంటే నాలుగో వంతే లోపలికొస్తుంది. నేను ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే మేర, 3200 పెట్టి సెకనులో 125వ వంతులో తీసిన ఫొటోకి కిట్ జూమ్ అయితే ఐఎస్ఓ 12800 అడుగుతుంది, లేదా షట్టర్‌ని 30వ వంతు దాకా దించాలి. నడిచే మనిషిని అంత నెమ్మదైన షట్టర్‌తో తీస్తే ముఖం చెదిరిపోతుంది. పైగా జూమ్ చేసినా అపెర్చర్ మారదు. 18లో చెట్ల మధ్య అక్కని చిన్నగా పెట్టి తీసి, వెంటనే 50కి తిప్పి, తడిసిన జుట్టు ముఖానికి అంటుకున్న దగ్గరి ఫొటో తీశాను. వెలుతురు లెక్క మళ్లీ చూసుకోవాల్సిన పని లేదు. ఐఎస్ఓ అలాగే ఉంది, షట్టర్ అలాగే ఉంది.

ఆ అడవిలో నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం ఒక పడిపోయిన చెట్టు. మాను పొడుగునా నాచు. దూరం నుంచి చూస్తే ఒకే పచ్చదనం, దగ్గరికెళ్తే ఒక్కో మొక్కా విడిగా కనిపిస్తుంది. సన్నటి కాడల చివర గింజంత గోధుమరంగు తలలు, ఒక్కో తల కింద వేలాడే నీటి చుక్క. ఈ లెన్స్ 18 ఎంఎం దగ్గర 12.1 సెంటీమీటర్ల దాకా దగ్గరికి ఫోకస్ చేస్తుంది. ఆ కొలత సెన్సర్ నుంచి. మధ్యలో బాడీ మందం, లెన్స్ పొడవు తీసేస్తే గాజు ముందు మిగిలేది రెండున్నర సెంటీమీటర్ల పైచిలుకు. లెన్స్ ముందు తొడిగే హుడ్ పెట్టుకుంటే దాని నీడే నాచు మీద పడుతుంది. హుడ్ తీసి పక్కన పెట్టాను. మాను మీద మోచేతులు ఆనించి, ఎఫ్/5.6 పెట్టి, ముందుకీ వెనక్కీ కాస్త కాస్త కదులుతూ తీశాను. తెరమీద ఆ చుక్కలో తలకిందులైన చెట్లు కనిపించాయి!

దగ్గరి ఫొటోల కోసమే చేసిన మామూలు మాక్రో లెన్స్ ఇలాంటి ఫొటో తీయదు. మాక్రోలో వెనకదంతా కరిగి రంగై పోతుంది. ఇక్కడ వైడ్ యాంగిల్ కాబట్టి నాచు ముందు పెద్దగా, దాని వెనక అడవి, దారి, దారిలో నిలబడ్డ అక్క ఎర్ర చొక్కా, అన్నీ మసగ్గానైనా ఉన్నాయి. ఎక్కడ మొలిచిన నాచో ఫొటో చూస్తేనే తెలిసిపోతుంది. ప్రయాణంలో నాకు కావలసింది అలాంటి దగ్గరి ఫొటోయే. 50 ఎంఎంకి తిప్పితే ఈ సుఖం పోతుంది. అక్కడ కనీస దూరం 30 సెంటీమీటర్లు, సెన్సర్ మీద పడే బొమ్మ సైజు కూడా నిజమైనదానిలో ఐదో వంతే. 18 దగ్గర మూడో వంతుకి కాస్త ఎక్కువ. దగ్గరి ఫొటోలకి చాలామంది అలవాటుగా టెలీ వైపు, అంటే దూరాన్ని దగ్గర చేసే కొసకి, తిప్పుతారు. ఈ లెన్స్‌లో అటు కాదు, ఇటు తిప్పాలి.

జలపాతం దగ్గర కథ మారింది. నీళ్లు పాల ధారలా రావాలంటే షట్టర్ అర సెకనైనా తెరిచి ఉండాలి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ లేదు, ఆల్ఫా 6400 బాడీలోనూ లేదు. 50 ఎంఎం దగ్గర చేత్తో పట్టుకుని తీయాలంటే సెకనులో 75వ వంతు కంటే దిగకూడదని పాత లెక్క. ఎఫ్/2.8 వల్ల చీకట్లో షట్టర్‌ని వేగంగా పెట్టొచ్చు, నిజమే. కానీ కావాలని నెమ్మదిగా తీయాలనుకున్నప్పుడు వెడల్పాటి అపెర్చర్ ఏ సాయమూ చేయదు. అక్క తన బాడీలోని స్టెబిలైజేషన్‌తో నిలబడే తీసేసింది. నేను చదునైన రాయి వెతికి, దాని మీద మడిచిన కండువా పెట్టి, కెమెరా ఆనించి, రెండు సెకన్ల టైమర్‌తో తీశాను. ఐఎస్ఓ 100, ఎఫ్/11. ఫొటో బాగా వచ్చింది. రాయి లేని చోట ఆ ఫొటో నాకు దొరకదు. అందుకే ఎవరైనా ఈ లెన్స్ గురించి అడిగితే, బాడీలో స్టెబిలైజేషన్ ఉందా అన్నదే ముందు అడుగుతాను.

చీకటి పడేసరికి సరస్సు ఒడ్డున చెక్క విడిదికి చేరాం. లోపల ఒకే లాంతరు. దాని వెలుగులో అక్క బూటు లేసులు విప్పుకుంటుంటే 50 ఎంఎం, ఎఫ్/2.8, ఐఎస్ఓ 6400తో తీశాను. కంటి మీద ఫోకస్ తడబడకుండా పట్టుకుంది. మోటార్ చప్పుడు కూడా వినపడలేదు. అదే వెలుగులో అక్క నన్ను తీసింది. రెండూ పక్కపక్కన చూశాం. ఆమె ఫొటోలో నీడలు శుభ్రంగా ఉన్నాయి, నాదాంట్లో సన్నగా ఇసుక చల్లినట్టు నాయిస్. వెనక గోడ కూడా ఆమె ఫొటోలో ఎక్కువ కరిగింది. క్రాప్ సెన్సర్ మీద ఎఫ్/2.8 ఇచ్చే బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ ఫుల్‌ఫ్రేమ్‌లో ఇంచుమించు ఎఫ్/4 ఇచ్చేంత. వెలుతురు విషయంలో మాత్రం ఎఫ్/2.8 ఎక్కడైనా ఎఫ్/2.8నే, ఎక్స్‌పోజర్ లెక్క మారదు. ఈ రెండిటినీ కలిపేసి లేనిపోని వాదనలు పెట్టుకుంటారు జనం. చిన్న సెన్సర్‌కి పెద్ద సెన్సర్ అందం రాదు. వస్తుందని చెప్పి ఈ లెన్స్ అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. కానీ ఆ లాంతరు ఫొటోలో అక్క ముఖం, అలసట, మెరిసే కళ్లు అన్నీ ఉన్నాయి. నాకంతే కావాలి.

విడిది చెక్క గోడ మీద ఇంకో సంగతి కనిపించింది. 18 దగ్గర రా ఫైలు, అంటే కెమెరా దిద్దని ముడి ఫైలు, సరిచేయకుండా తెరిస్తే అంచుల్లో పలకలు బయటికి ఉబ్బినట్టుంటాయి. జేపెగ్‌లో కెమెరాయే సరిదిద్దేస్తుంది, రా అయితే సాఫ్ట్‌వేర్‌లో ఈ లెన్స్ కోసం ఉన్న దిద్దుబాటు ప్రొఫైల్ వేస్తే సరి. ఇంత చిన్న లెన్స్‌లో కొంత పని గాజుకి, కొంత పని సాఫ్ట్‌వేర్‌కి పంచారు. అది నాకు అన్యాయమనిపించదు. ప్రొఫైల్ వేశాక మూలల్లో పదును కాస్త తగ్గుతుంది, ఎఫ్/5.6కి వచ్చేసరికి అదీ చాలావరకు సర్దుకుంటుంది. ఫ్రేము మధ్యలో మాత్రం ఎఫ్/2.8 దగ్గరే కత్తిలా ఉంటుంది.

రాత్రి బయటికొస్తే మబ్బులు విడిపోయి ఉన్నాయి. ఇక్కడా రాయి మీద కండువా మడిచి, కెమెరా ఆనించి 18 ఎంఎం, ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200, 13 సెకన్లు. నక్షత్రాల మీద ఫోకస్ పెట్టడం ఇక్కడ కాస్త ఓపిక పని. ఫోకస్ రింగ్ తిప్పితే మోటార్ కదులుతుంది తప్ప రింగుకి ఇన్ఫినిటీ, అంటే అనంత దూరం దగ్గర ఆగే చోటు లేదు, దూరం చూపించే గీతలూ లేవు. ప్రకాశవంతమైన నక్షత్రం ఒకటి చూసుకుని, తెర మీద పెద్దది చేసి, అది చిన్న చుక్క అయ్యేదాకా తిప్పాలి. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే అది అంత తేలిక కాదు. మూలల్లో నక్షత్రాలు కొద్దిగా సాగాయి. పాలపుంత సరస్సు మీద నిలువుగా వచ్చింది.

తెల్లవారకముందే కనుమ ఎక్కాం. సూర్యుడు రాళ్ల అంచు మీద ఇంకా సగమే తేలినప్పుడు ఎఫ్/16కి కుదించాను. ఈ లెన్స్‌కి ఏడు అపెర్చర్ రేకులు. రేకులు బేసి సంఖ్యలో ఉంటే కిరణాలు రెట్టింపవుతాయి కాబట్టి సూర్యుడి చుట్టూ పద్నాలుగు. ఎఫ్/16 దగ్గర డిఫ్రాక్షన్ వల్ల, అంటే సన్నటి రంధ్రంలో వెలుతురు వంగి చెదరడం వల్ల, మొత్తం ఫొటో కొంచెం మెత్తబడుతుంది. ఆ కిరణాల కోసం నేనది ఒప్పుకుంటాను. వెలుగు నేరుగా పడ్డప్పుడు ఫ్రేములో ఒక మూల పచ్చటి మచ్చ కూడా వచ్చింది. అరచేయి అడ్డం పెడదామంటే సూర్యుడు ఫ్రేములోనే ఉన్నాడు, అక్కడ ఏమీ చేయలేం. అవతల మంచు శిఖరాలు బారులు తీరి ఉన్నాయి. నా 50 ఎంఎం వాటిని దగ్గరికి తేలేకపోయింది.

దిగుతుంటే వాన పట్టుకుంది. ఈ లెన్స్‌కి మౌంట్, అంటే బాడీకి బిగించే చోటు దగ్గర మాత్రమే రబ్బరు సీల్ ఉంది. జూమ్ చేసినప్పుడు ముందుకొచ్చే గొట్టానికి రక్షణేమీ లేదు. 18కి తిప్పి గొట్టం లోపలికి పోనిచ్చి, రెయిన్‌కోటు లోపల వేసుకున్నాను. అంత చిన్నది కాబట్టే కోటు గుండీలు పడ్డాయి. అక్క లెన్స్‌కి సీలింగ్ పూర్తిగా ఉంది, ఆమె వానలో తీస్తూనే ఉంది. అసూయ పడ్డాను.

వాన వెలిశాక ఒక కొట్టం కింద ఆగాం. మా ఇద్దరి బాడీలదీ ఒకే మౌంట్. "ఒకసారి నీది ఇలా ఇవ్వరా" అని అక్క నా లెన్స్ తన కెమెరాకి తగిలించుకుంది. కెమెరా దానంతటదే సెన్సర్ మధ్య భాగాన్నే వాడే క్రాప్ మోడ్‌లోకి వెళ్లింది. 33 మెగాపిక్సెళ్ల బాడీలో 14 మిగిలాయి. ఆమె లెన్స్ నా బాడీకి పెట్టుకుంటే 36-105 అయింది. ముందు బరువుకి కెమెరా మూతి కిందికి వాలుతోంది గానీ, పొద్దుట దొరకని శిఖరాల్లో ఒకదాన్ని కొంత దగ్గరగా పట్టుకున్నాను.

కింద రోడ్డు కనిపించేదాకా అలాగే నడిచాం. అక్క ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో కెమెరా పట్టుకుని ఆగకుండా తీస్తూ వచ్చింది. ఎక్కేటప్పుడు ఆమె కెమెరా చాలాసేపు సంచిలోనే ఉంది, దిగేటప్పుడు ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు. బస్సెక్కే ముందు లెన్స్‌లు మళ్లీ మార్చుకున్నాం.

"ఆ సోనీ ఆల్ఫా 6700 బాడీలో స్టెబిలైజేషన్ ఉందన్నావు కదూ?" అంది సీట్లో కూర్చుంటూ.

"ఉంది అక్కా."

"అయితే నడకలకి అదీ, ఈ లెన్సూ. పెద్దది పెళ్లిళ్లకి ఉంచుతా" అని, నా ఫోన్ తీసుకుని దాని బరువెంతో వెతకడం మొదలుపెట్టింది.