బోమ్ ఊళ్లో నా వేణువు

మ్యూనిక్‌లో సెండ్లింగర్ టోర్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే పాత దక్షిణ శ్మశానం వస్తుంది. ఖననాలు ఆగిపోయి దశాబ్దాలైంది, ఇప్పుడదొక పార్కు. "పిన్నీ, నీ వేణువుకి కీస్ ఎందుకు లేవు?" అని స్కూల్లో ఫ్లూట్ నేర్చుకుంటున్న అక్క కూతురు అడిగింది. కీస్ అంటే రంధ్రాల్ని మూసీ తెరిచే మీటలు. నేటి ఫ్లూటు మీద వాటి అమరిక థియోబాల్డ్ బోమ్‌ది, అందుకే ఇద్దరం ఆయన సమాధి వెతుక్కుంటూ వెళ్లాం.

బోమ్ (1794–1881) ఈ ఊరి కంసాలి కొడుకు. తానూ ఆ పని నేర్చాడు, ఆస్థానంలో ఫ్లూట్ వాయించాడు. ఆ రెండు విద్యలూ ఒకే చేతిలో ఉండబట్టే ఫ్లూటుకి కొత్త రూపం వచ్చిందని నా నమ్మకం. అంతకుముందు చెక్క ఫ్లూటుకి ఆరు రంధ్రాలు, ఒకే కీ ఉండేవి. చాలా అర్ధస్వరాలకి ఒక రంధ్రం తెరిచి దాని కింద వాటిని మూయాలి, స్వరం నీరసంగా వస్తుంది. అలాంటి స్వరాల కోసం ఒక్కొక్క కీ తగిలిస్తూ ఎనిమిది దాకా వచ్చారు. అయినా ఆరు ముఖ్య రంధ్రాలు మాత్రం వేళ్లకి అందే చోటే ఉండిపోయాయి.

1831లో బోమ్ లండన్‌లో ఇంగ్లీషు ఫ్లూట్ విద్వాంసుడు చార్లెస్ నికల్సన్ వాయించగా విన్నాడు. పెద్ద రంధ్రాల ఫ్లూట్, గొప్ప నాదం. అది వినకపోతే తన ఫ్లూట్ పుట్టేదే కాదని తర్వాత రాసుకున్నాడు కూడా. అప్పుడు ఆలోచన తిరగేశాడు: ముందు నాదానికి కావాల్సిన చోట రంధ్రం, తర్వాత వేళ్ల సంగతి. రంధ్రాలు పన్నెండుకు పైనే, వాడే వేళ్లు తొమ్మిది. 1832 ఫ్లూటులో వేలు రంధ్రాన్ని మూస్తూనే దాని చుట్టూ ఉన్న రింగునీ నొక్కుతుంది, ఆ రింగు ఒక కడ్డీ ద్వారా దూరంగా ఉన్న ఇంకో మూతని కదిలిస్తుంది. 1847లో గొట్టాన్ని స్తూపాకారం చేశాడు. రంధ్రాలు వేలికి మూతపడనంత పెద్దవయ్యాయి, అన్నిటికీ ప్యాడ్ మూతలొచ్చాయి.

ఇంటికొచ్చాక అక్క కూతురు తన ఫ్లూటు మీద ఎడమ బొటనవేలి దగ్గర బి ఫ్లాట్ అనే స్వరం కోసం ఉన్న మీట చూపించింది. అది 1849లో బ్రిచియాల్డి అనే ఇటాలియన్ ఫ్లూట్ విద్వాంసుడు చేర్చింది. దాని ఫ్లూట్ మీద పన్నెండు స్వరాలూ నిండుగా పలికాయి. నాకైతే శ్రుతి మారితే వేణువే మార్చాలి. కానీ తోడి రాగంలో గాంధారం ఊపమంటే పిల్ల తెల్లబోయింది. వేలి చర్మం రంధ్రం మీద కొద్దికొద్దిగా జరిగితేనే ఆ గమకం వస్తుంది, మూతకి ఆ వీల్లేదు. ఐదు కీస్ మధ్యలో రంధ్రాలుండే ఫ్రెంచ్ మోడల్‌తో కొంతవరకు కుదురుతుంది. ఈసారి అలాంటిదే కొనమని అక్కకి చెప్పాను.